పూత వేళకు కాలువ నీరు: డెల్టా శివారులో తక్కువ తడులతో మొక్కజొన్న

గోదావరి తూర్పు డెల్టాలో ద్రాక్షారామం దాటి సముద్రం వైపు వెళ్తుంటే కాలువ నీళ్ళ వేగం తగ్గిపోతూ వస్తుంది. ధవళేశ్వరం దగ్గర గట్లొరుసుకుని బయలుదేరిన నీరు శివారు బోదెల్లోకి వచ్చేసరికి చీలమండ మునిగేంత లోతున నింపాదిగా కదులుతుంటుంది. ఈ కేసులోని చేను అలాంటి బోదె మీద, చివరి నుంచి మూడో తూము కింద ఉంది. విస్తీర్ణం రెండెకరాల నలభై సెంట్లు. కౌలు భూమి. సాగు చేసేది అరవై దాటిన రైతు. నాకు దూరపు వరసలో బాబాయి అవుతారు కాబట్టి ఇక్కడ బాబాయి అనే రాస్తాను.

నేను నీటి యాజమాన్యంలో రైతులకు సలహాలిచ్చే పని చేస్తాను. ఒక నవంబరు చివర్లో బాబాయి ఫోను చేసి అడిగింది ఇది: "బాబూ, దాళ్వా (రబీ) వరి ఇక నావల్ల కాదు. రెండేళ్ళు వరసగా పొట్ట దశలో నీళ్ళందక తాలు కోశాను. మొక్కజొన్న వేస్తాను. అందరూ ఏడు తడులు కావాలంటున్నారు. నాకు నాలుగే అందుతాయనుకో. ఏ మూడు మానుకోవాలి?"

తక్కువ నీటితో పంట తీయడం గురించి శిక్షణ తరగతుల్లో చాలాసార్లు మాట్లాడాను. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. శాస్త్రం కూడా అడిగేది సరిగ్గా ఈ ప్రశ్ననే: ఎంత తగ్గించాలి అన్నది తర్వాత సంగతి, ఎప్పుడు తగ్గించాలి అన్నది ముందు. ఇంగ్లీషులో డెఫిసిట్ ఇరిగేషన్ అనే ఈ పద్ధతికి తెలుగులో స్థిరపడిన పేరు లేదు. నేను లోటు తడి అంటాను.

చేను, నేల, నీరు

నేల బరువైన నల్ల బంకమట్టి. ఏళ్ళ తరబడి దమ్ము చేసి నాటడం వల్ల జానెడు లోతున గట్టి పొర ఉంది. ఆగర్ అనే నేలను తొలిచే పనిముట్టుతో తవ్వితే నాలుగున్నర అడుగుల దగ్గర ఊటనీరు తగిలింది. ఆ నీటికి కాస్త ఉప్పదనం ఉంది. నేల పై అడుగు మట్టిని నీటితో ముద్దగా కలిపి, ఆ ముద్ద నుంచి తీసిన నీటిలో ఇ.సి. (విద్యుత్ వాహకత; ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు డెసిసీమెన్‌లలో) చూస్తే 1.5 వచ్చింది. మొక్కజొన్న 1.7 వరకు దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది. అంటే మాకు మిగిలిన వెసులుబాటు చాలా తక్కువ. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన భూసార పరీక్షల్లో ఎక్కువగా ఒక పాలు మట్టికి రెండు పాళ్ళు నీరు కలిపి చూస్తారు. నీరు ఎక్కువ కావడంతో ఆ అంకె చిన్నదిగా వస్తుంది. దాన్ని నేరుగా ఈ 1.7తో పోల్చి "మన నేల బాగానే ఉంది" అనుకున్న వాళ్ళను చాలామందిని చూశాను.

రబీలో ఈ డెల్టాకు వచ్చే నీరు నదిలో ఆ వేళకు ఉన్న ప్రవాహం, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు. ధవళేశ్వరం బ్యారేజీ వెనుక చెప్పుకోదగ్గ నిల్వ ఉండదు. నీటికి కటకట వచ్చిన ఏడాది వంతులు పెడతారు. ఆ రబీలో మా కాలువకు వారం ఇచ్చి వారం ఆపారు. పంపకం పైనుంచి మొదలవుతుంది కాబట్టి వంతు మొదలైన మూడో రోజుకు గాని శివారుకు నీరు చేరదు. చేరిన నీటిని బోదె మీది ఏడుగురు రైతులు ఆయిల్ ఇంజన్లతో తోడుకుంటారు. బాబాయి వాటాకు వంతుకు తొమ్మిది, పది గంటలు వచ్చేవి. ఏప్రిల్‌లో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఆ తర్వాత ఏ పంటకూ చుక్క రాదు.

నీటిని కొలవడానికి మొదట బోదెలో వీ-నాచ్ పలక (వీ ఆకారపు కోత ఉన్న పలక) పెట్టాను. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు నీరు పలక మీద నుంచి దూకి కింద పడాలి. శివారులో అంత వాలు ఎక్కడుంది? గంటలోపే కిందివైపు నీరు ఎదురుతన్ని పలక మునిగిపోయింది. బాబాయి గట్టు మీద కూర్చుని ఏమీ అనలేదు, అదే నయం. చివరకు ఇంజన్ గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోనులో సెకన్లు లెక్కపెట్టాను. 17 సెకన్లకు నిండింది. గంటకు దాదాపు 42 ఘనపు మీటర్లు. ఆ తర్వాత సీజనంతా ఇంజన్ నడిచిన గంటలే మా కొలత. ఎకరంలో 50 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు రెండు లక్షల లీటర్లు. మా ఇంజన్‌కు అది దాదాపు అయిదు గంటల పని.

ఎక్కడ తగ్గించవచ్చు

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోసం డోరన్‌బోస్, కాసమ్ అనే ఇద్దరు 1979లో పంటలవారీగా ఒక లెక్క కట్టారు. పంట వాడుకోవాల్సిన నీటిలో లోటు పడితే దిగుబడి ఎంత పడుతుందన్నది ఆ లెక్క. మొక్కజొన్నకు అది ఇలా ఉంటుంది: సీజనంతా సమానంగా 10 శాతం లోటు పెడితే దిగుబడి 12.5 శాతం పోతుంది. అదే 10 శాతం లోటు ఎదిగే దశలో ఒక్కచోటే పెడితే 4 శాతం, గింజ నిండే దశలో 5 శాతం, పండే దశలో 2 శాతం పోతుంది. పూత దశలో పెడితే 15 శాతం.

బాబాయికి ఈ అంకెలు చెప్పలేదు. "కొంచెం కొంచెంగా అన్నిసార్లూ తగ్గిస్తే ఎక్కువ పోతుంది, పూత దగ్గర తగ్గిస్తే ఇంకా ఎక్కువ పోతుంది" అన్నాను. ఆయన వెంటనే "పొట్ట మీద ఉన్న వరిలాగే కదా" అన్నారు. అంతే.

పూత దగ్గర అంత సున్నితం ఎందుకంటే, మొక్కజొన్నలో మగపూత పైన, కండె కింద ఉంటాయి. పుప్పొడి ఒక చేనంతటికీ కలిపి వారం, పది రోజులు రాలుతుంది. కండెలో ఒక్కో గింజకు ఒక్కో పీచు. ఆ పీచు పొడుగు సాగి బయటకు వస్తేనే పుప్పొడి అందుతుంది. సాగడానికి నీరు కావాలి. మొక్క బెట్టలో ఉంటే పుప్పొడి సమయానికే రాలుతుంది, పీచు మాత్రం ఆలస్యమవుతుంది. పీచు బయటకు వచ్చేసరికి పుప్పొడి అయిపోతే కండె చివర గింజలు కట్టవు. తర్వాత ఎంత నీరు పెట్టినా ఆ ఖాళీ పూడదు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం గ్రీలీ దగ్గర ఆ దేశపు కేంద్ర వ్యవసాయ శాఖకు ఒక పరిశోధన క్షేత్రం ఉంది. వాళ్ళు చేసింది ఇదే తీరు: పూతకు ముందు ఎదుగుదల చివరి భాగంలో, మళ్ళీ గింజ ముదిరే దశలో నీరు తగ్గించి, మధ్యలో పూత దశకు పూర్తిగా ఇచ్చారు. వాళ్ళకు డ్రిప్ ఉంది, కావలసిన రోజు కావలసినంత నీరు ఇవ్వగలరు. మాకు ఉన్నది కాలువ వంతుల పట్టిక. నీరు ఎప్పుడొస్తుందో ఇంకొకరు నిర్ణయిస్తారు. మా చేతిలో ఉన్నది విత్తే తేదీ ఒక్కటే.

అందుకే ఈ కేసులో నేను చేసిన అసలు పని మిల్లీమీటర్ల లెక్క కాదు, వెనక్కి లెక్కపెట్టడం. మేము ఎంచుకున్న హైబ్రిడ్ డిసెంబరులో వేస్తే 60 రోజులకు పీచు వేస్తుంది. వంతుల పట్టిక ప్రకారం ఫిబ్రవరి 5 నుంచి 11 వరకు నీరు ఉంది. శివారుకు చేరేది 7న. 60 రోజులు వెనక్కి వెళ్తే డిసెంబరు 9. కోత యంత్రం వెళ్ళిన తర్వాత సార్వా (ఖరీఫ్) వరి మాగాణిలో అప్పటికింకా విత్తేంత పదును ఉంది. దున్నకుండా, గడ్డి తగలబెట్టకుండా, వరసకు వరసకు 60, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్ల దూరంలో కర్రతో గుచ్చి గింజ వేయించాం. ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు వస్తాయి. మొలకకు తడి అక్కర్లేకపోయింది.

చేనును అడ్డంగా రెండు చేశాం. ఎగువ ఎకరం ఇరవై సెంట్లలో ఊరి పద్ధతి, దిగువ ఎకరం ఇరవై సెంట్లలో లోటు తడి. ఎరువులు, మందులు రెండింటికీ ఒకటే.

సీజన్ నడిచిన తీరు

ఊరి పద్ధతి భాగానికి డిసెంబరు 28న మొదటి తడి ఇచ్చారు. దిగువ భాగానికి ఇవ్వలేదు. మొక్క చిన్నది, వేళ్ళు కిందికి వెతుక్కుంటూ వెళ్ళే వయసు. దమ్ము పొర దాటడానికి పాత వరి వేళ్ళు వదిలిన సందులు, సన్న బీటలు ఉంటాయి. నేను ఆశించింది అదే.

జనవరి మొదటి వారానికి మధ్యాహ్నం ఒంటిగంటకు దిగువ భాగంలో ఆకు చుట్టుకోవడం మొదలైంది. బాబాయి రోజూ ఫోను. "ఎగువన ఆకు బల్లపరుపుగా ఉంది బాబూ, కిందది ఉల్లికాడలా ఉంది. చూసేవాళ్ళు నవ్వుతున్నారు." మధ్యాహ్నం చుట్టుకుంటే పరవాలేదు, తెల్లారి ఏడు గంటలకు కూడా విప్పుకోకపోతే అప్పుడు ఆగకూడదు అని చెప్పాను. ఆయన ప్రతి ఉదయం ఏడింటికి వెళ్ళి చూసి, "విప్పింది" అని ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేసేవారు.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. ఆకును చూస్తూ కూర్చున్నాను, నేలను చూడలేదు. జనవరి 12న భోగి ముందర, కూలీలు పండగ పనుల్లో పడకముందే మొదటి తడి పెట్టాలని వెళ్ళేసరికి మెరక మూలలో బీటల్లోకి చూపుడు వేలు పూర్తిగా దిగింది. అప్పటికే మట్టి ఎగదోసి చాళ్ళు తీశాం, ఒక చాలు విడిచి ఒక చాలుకు నీరు పెట్టాలని అనుకున్నాం. మొదటి చాల్లోకి నీరు వదిలాం. పది గజాలు వెళ్ళి ఆగిపోయింది. నీటి మొన ముందుకు జరగడం లేదు, ఇంజన్ మాత్రం పోస్తూనే ఉంది. వంగి చూస్తే బీట లోపల బుడగలు వస్తున్నాయి. ఆ చాలు నిండటానికి నలభై నిమిషాలు పట్టింది. పల్లం వైపు చాళ్ళు పావుగంటలో నిండాయి. నాలుగు గంటల్లో అవుతుందనుకున్న తడి ఆరున్నర గంటలు తీసుకుంది. బాబాయి తన వాటా దాటి పక్క రైతు దగ్గర గంటన్నర అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

లోటు తడి గురించి ఇతర నేలల అనుభవాన్ని మన బంకమట్టికి తెచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. బంకమట్టిని అతిగా ఎండనిస్తే మిగిల్చిన నీటిలో సగం బీటలు తాగేస్తాయి. వేళ్ళకు అందని లోతుకు వెళ్ళి ఊటలో కలుస్తుంది. నా లెక్క ఇప్పుడిది: వేళ్ళున్న అరమీటరు లోతులో ఈ నేల మొక్కకు ఇవ్వగలిగేది 80 మిల్లీమీటర్లు. అందులో సగం దాటే వరకు మొక్కకు ఇబ్బంది ఉండదు. 55, 60 దాకా వాడుకోనిస్తే అది మేము కోరుకున్న లోటు. అది దాటితే నేలే ఎదురు తిరుగుతుంది. పొలంలో దీన్ని కొలిచేందుకు జానెడున్నర లోతు మట్టి తీసి పిడికిట నొక్కి చూడాలి. ముద్ద కట్టి, బొటనవేలితో వత్తితే చిన్న పట్టీలా సాగితే ఇంకా ఆగవచ్చు. ముద్ద కట్టినా పట్టీ సాగక పగిలిపోతుంటే తడి పెట్టాలి. బీట చిటికెనవేలు పట్టేంత వెడల్పు అయిందంటే ఆకు ఎలా ఉన్నా పెట్టేయాలి. వరసల మధ్య పారతో పైపైన మట్టి కదిపితే బీటల నోళ్ళు మూసుకుంటాయి. ఆ పని మేము రెండో తడి ముందు చేశాం, జనవరి 26 నాటి తడి నాలుగు గంటల్లో అయిపోయింది.

యూరియా సంగతి కూడా చెప్పాలి. తడి ఆలస్యమైతే పైపాటు ఎరువు కూడా ఆలస్యమవుతుంది. ఏడెనిమిది ఆకుల దశ నుంచే కండెలో గింజల వరసల సంఖ్య నిర్ణయమవుతుంది. ఎండిన నేల మీద చల్లిన యూరియా వేరుకు అందదు. అందుకే ఆ జనవరి 12 తడిని ఇంకా వెనక్కి జరపడం ఏ విధంగానూ కుదరదు. నిజానికి నాలుగైదు రోజుల ముందే పెట్టాల్సింది. కత్తెర పురుగు రెండు భాగాల్లోనూ ఒకేలా వచ్చింది, సుడిలో మందు వేయించాం, తగ్గింది.

పూత వారం

ఫిబ్రవరి 4న ఎగువ భాగంలో మగపూత విచ్చుకుంది. లెక్క సరిపోయిందని సంబరపడ్డాను. 7న బోదెలో నీరు లేదు. 8న లేదు. పైన ఎక్కడో గండి పడిందని ఒకరు, తలగట్టు (కాలువ ఎగువ) వాళ్ళు తూములు దించలేదని ఒకరు. వంతు వెనక్కి జరిగింది, ఎన్ని రోజులన్నది చెప్పేవాళ్ళు లేరు. దిగువ భాగంలో ఉదయం ఏడింటికి ఆకు సగం చుట్టుకునే ఉంది. బాబాయి రోజూ చెప్పే ఒక్క మాట ఆ రోజు మారింది: "విప్పలేదు."

చేను పక్కన మురుగు కాలువ ఉంది. నీరు నిండుగా ఉంది, ఇంజన్ అందులో దింపుదామని బాబాయి తొందర. ఇ.సి. మీటరు ముంచితే 3.1. కాలువ నీరు 0.4 ఉంటుంది. సాగునీరుగా 1.1 దాటితే మొక్కజొన్న దిగుబడి తగ్గడం మొదలవుతుంది, 2.5 ఉన్న నీటిని అలవాటుగా వాడితే పావు వంతు పోతుంది. వద్దన్నాను. బాబాయి కాసేపు ఆగి, "ఇప్పుడు పోటు మీద ఉంది బాబూ. తెల్లవారుజామున ఆటు తీశాక చూడు" అన్నారు. నాకు తట్టని సంగతి అది. ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే పడుకుని మూడున్నరకు టార్చిలైటుతో వెళ్ళాం. నీరు మూరెడు దిగింది. గట్టు బురదలో పీతల చప్పుడు. మీటరు 1.9 చూపించింది.

1.9 మంచి నీరు కాదు. అయితే ఆ పట్టికలన్నీ సీజనంతా అదే నీరు పెడితే జరిగే నష్టానికి వేసినవి. మాకు కావలసింది ఒక్క తడి, అదీ పీచు సాగే నాలుగు రోజుల కోసం. వెనకాల ఎప్పటికైనా కాలువ నీరు వచ్చి కడుగుతుంది. ఇలాంటి చోట నిలబడి నిర్ణయం తీసుకున్నప్పుడు పుస్తకం సగం దూరమే తోడు వస్తుంది. పోటు మళ్ళీ ఎక్కేలోపు తోడేద్దామన్నాను. 9న తెల్లవారుజామున నాలుగింటికి దిగువ భాగానికి మొదలుపెట్టి, మధ్యలో మీటరు 2.3కు ఎక్కితే ఆపి, సాయంత్రం ఆటుకు మళ్ళీ మొదలుపెట్టి రాత్రికి రెండు భాగాలూ పూర్తి చేశాం. ఆకుల మీద ఆ నీరు పడకుండా చాళ్ళలోనే నడిపించాం.

కాలువ నీరు 13న వచ్చింది. 14న రెండు భాగాలకూ పెట్టాం. నాలుగు తడులనుకున్న దిగువ భాగానికి అలా అయిదయ్యాయి.

పూత ముందు నేను రెండు భాగాల్లోనూ ఇరవై ఇరవై మొక్కలకు పురికొస కట్టి పెట్టుకున్నాను. పుప్పొడి రాలడం మొదలైన రోజుకూ పీచు కనబడిన రోజుకూ తేడా రాసుకున్నాను. ఎగువన ఎక్కువ మొక్కల్లో ఒకటి, రెండు రోజులు. దిగువన మూడు రోజులు. మెరక మూలలో, బీటలు తీసిన చోట, అయిదు. కోతప్పుడు ఆ మూల కండెలు చూస్తే చివర రెండు అంగుళాలు బోడిగా ఉన్నాయి. అక్కడి నుంచి ఇరవై అడుగులు పల్లానికి దిగితే అదే విత్తనం, అదే తేదీ, కండె నిండా గింజ.

ఫిబ్రవరి 28న రెండు భాగాలకూ మరో తడి. మార్చి 13 వంతులో ఎగువ భాగానికి మాత్రమే ఇచ్చారు. ఊళ్ళో ఈ చివరి తడిని "బరువు తడి" అంటుంటారు, గింజకు బరువు వస్తుందని నమ్మకం. కండె సగానికి విరిచి గింజ చూస్తే, పైనుంచి కిందికి దిగే పాల గీత (గట్టిపడిన భాగానికీ పాల భాగానికీ మధ్య గీత) అప్పటికే సగం దాటింది. ఆ దశలో లోటు వల్ల పోయేది చాలా తక్కువ. తడిసిన బంకలో ఈదురుగాలి వస్తే పడిపోయే మొక్కల నష్టమే ఎక్కువ. ఏప్రిల్ మొదట్లో గింజ అడుగున నల్ల పొర ఏర్పడ్డాక కోశాం.

లెక్కలు

ఎగువ భాగానికి ఏడు తడులు, 39 ఇంజన్ గంటలు, 340 మిల్లీమీటర్ల నీరు. దిగువ భాగానికి అయిదు తడులు, 23 గంటలు, 200 మిల్లీమీటర్లు. నీటిలో ఆదా 41 శాతం. తేమ 14 శాతానికి సరిచేస్తే దిగుబడి ఎకరాకు ఎగువన 37.4 క్వింటాళ్ళు, దిగువన 34.6. తగ్గింది ఏడున్నర శాతం. ఎక్కువ భాగం గింజల సంఖ్యలో తగ్గింది, గింజ బరువులో తేడా స్వల్పం.

ఈ అంకెల్ని చూసి సంతోషపడేవాళ్ళకు ఒక హెచ్చరిక. దిగువ భాగానికి తూర్పున పక్క చేలో దాళ్వా వరి ఉంది. ఆ మడి ఊట గట్టు కింద నుంచి మా చేలోకి వచ్చేది. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్ని వరసలూ చుట్టుకున్న రోజున కూడా గట్టు వెంబడి అయిదు వరసలు పచ్చగా, విప్పుకుని ఉండేవి. వాటిని విడిగా కోయించి లెక్కలోంచి తీసేశాను. ఆరో వరసకు, ఏడో వరసకు ఎంత అందిందో నేను చెప్పలేను. నాలుగున్నర అడుగుల లోతున ఉన్న ఊటనీరు కూడా కొంత పైకి ఎగబాకి వేళ్ళకు అంది ఉంటుంది. డెల్టాలో 200 మిల్లీమీటర్లతో 34 క్వింటాళ్ళు వచ్చాయని మెట్టలో ఎర్రనేల రైతుకు చెబితే ఆయనను ముంచినట్టే. ఒకే చేను, ఒకే సీజన్, రెండే ముక్కలు.

ఉప్పు సంగతి: కోత తర్వాత ఎగువన ఇ.సి. 1.8, దిగువన 2.3. తక్కువ నీరు అంటే నేలను కడిగే నీరు కూడా తక్కువే. మురుగు కాలువ తడి దాని వాటా అది వేసింది. సార్వాలో దమ్ము చేసి నెలల తరబడి నీరు నిలబెడతాం కాబట్టి ఇది కడుక్కుపోతుందని నా నమ్మకం. నాట్లకు ముందు చూస్తే 1.6కు దిగింది. సార్వా వరి వేయని చోట ఈ పద్ధతిని వరసగా రెండేళ్ళు చేయమని నేను చెప్పను.

ఇక డబ్బు. 2025–26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ ధరకు 2.8 క్వింటాళ్ళు అంటే ఎకరాకు 6,720 రూపాయల నష్టం. ఆదా అయిన డీజిలు ఎకరాకు పదమూడు లీటర్ల పైన, రెండు తడుల కూలీ. అన్నీ కలిపితే 2,500 దాటవు. బాబాయి వేళ్ళ మీద లెక్కపెట్టి, "నీళ్ళు మిగిల్చింది నేను. నాలుగు వేలు పోయిందీ నాకే. ఆ మిగిలిన నీళ్ళు ఎవరు తాగారు?" అన్నారు.

కొలరాడోలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది. అక్కడ నీటి హక్కు రైతు పేరున ఉంటుంది, మిగిల్చిన నీటిని నగరాలకు అద్దెకిచ్చే ఏర్పాట్లు ఉన్నాయి. ఇక్కడ మిగిల్చిన నీరు బోదెలో చివరి రెండు తూములకు వెళ్తుంది, అక్కడి నుంచి మురుగు కాలువకు, సముద్రానికి. చివరి తూము రైతు ఆ ఏడాది మినుముకు ఒక తడి అదనంగా పెట్టుకున్నాడు, మా ఇంటికి రెండు అరటి గెలలు పంపాడు. అంతకు మించి ఆ ఆదాకు ఖాతా లేదు. నీరు తక్కువై భూమి మిగిలిపోయే చోటే లోటు తడి రైతుకు లాభం. భూమి తక్కువై నీరు పుష్కలంగా ఉన్న తలగట్టు రైతుకు దీన్ని బోధించడం నా దృష్టిలో అనవసరం.

అయితే బాబాయి వేసిన లెక్కలో ఒక లొసుగు ఉంది. అది ఆయనకు వెంటనే చెప్పాను. ఎగువ భాగానికి ఏడు తడులు నిండుగా పడ్డాయంటే దిగువ భాగం సగం కడుపుతో ఉండటం వల్లే. రెండెకరాల నలభై సెంట్లకూ ఊరి పద్ధతిలో ఏడు తడులు ఇవ్వాలంటే 78 గంటలు కావాలి. వంతుకు తొమ్మిది, పది గంటల చొప్పున ఏడు వంతులకు 70 దాటవు. ఆ కొరత అన్ని తడుల మీదా సమానంగా పడితే పూత తడి మీద కూడా పడుతుంది, అక్కడ పడే లోటు ఖరీదు అన్నింటికన్నా ఎక్కువ. కాబట్టి పోల్చాల్సింది 37.4తో కాదు. దేనితో పోల్చాలో చూపించే మూడో ముక్క మా దగ్గర లేదు, అది నా ప్రణాళికలో లోపం.

తర్వాతి ఏడాది

మరుసటి రబీకి చేనంతా ఒకే పద్ధతి పెట్టాలనుకున్నాం. డిసెంబరు చివరి తడి ఎవరికీ లేదు. ఎదిగే దశలో చాలు విడిచి చాలు, బీట చిటికెనవేలు వెడల్పు కాకముందే. పూత వంతులో వాటా గంటలన్నీ, అన్ని చాళ్ళకూ. పాలు పోసుకునే దశలో ఒకటి. బరువు తడి మానేయడం.

వంతు జరిగిపోతే ఎలా అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మురుగు కాలువను ప్రణాళికలో రాయలేను. ఆ జవాబు బాబాయి చెప్పారు. నవంబరు చివర్లో నేను వెళ్ళేసరికి ఎగువ సగంలో గింజ వేయడం అయిపోయింది. దిగువ సగం ఖాళీగా ఉంది, పదును ఆరకుండా గడ్డి ఒత్తుగా పరిచి ఉంది. ఎనిమిది రోజులు ఆగి వేస్తానన్నారు. "వంతు ముందొస్తే పైది పట్టుకుంటుంది, వెనకొస్తే కిందిది పట్టుకుంటుంది. రెండూ ఒకేసారి పోవు కదా బాబూ." వంతుల పట్టిక అప్పటికింకా రాలేదు. పాకలో దూలానికి వేలాడుతున్న సంచిలో రెండో విడత విత్తనం పది కిలోలు, ఎలుకలకు అందకుండా.